అన్నం కలుపుకోవటం కూడ విద్యే

కళాశాల వార్షిక సంచికలో ఇటువంటి విషయానికి చోటు ఉంటుందా అని మేము కొంతకాలం తటపటాయించిన మాట నిజం. ఈ పుటలలో గాలిబ్ గజళ్ల గురించి, తిక్కన నాటకీయత గురించి, జాతీయ సమైక్యత గురించి వ్యాసాలు చదవటం పాఠకులకు అలవాటు. మేము రాయబోయేది పళ్లెంలో పప్పు గురించి, చొక్కా గుండీల గురించి, బకెట్టులో నానబెట్టిన బట్టల గురించి. విషయం చిన్నదిగా తోచవచ్చు. కాని దానివల్లనే ఒక తెలివైన విద్యార్థి చదువు ఆగిపోవటం కళ్లారా చూసిన తరువాత దానిని చిన్నదనుకునే ధైర్యం మాకు లేకపోయింది.

ఆ అబ్బాయికి పుట్టుకతోనే చూపు లేదు. మా వద్ద మూడేళ్లు చరిత్ర, ఉర్దూ సాహిత్యం ప్రధానాంశాలుగా బి.ఏ. చదివాడు. అసాధారణమైన జ్ఞాపకశక్తి. ఉర్దూ అచ్చులో కుడి నుండి ఎడమకు నడిచినా బ్రెయిలీలో మాత్రం తెలుగువలెనే ఎడమ నుండి కుడికి నడుస్తుందనీ, భారతీ బ్రెయిలీలో తెలుగు 'క'కూ ఉర్దూ 'కాఫ్'కూ చుక్కలు ఒకటేననీ మాకు చెప్పినవాడు అతడే. రెండు భాషల కళాశాలలో ఇన్నేళ్లు పాఠాలు చెబుతూ ఆ సంగతి ఎరుగకపోవటం మాకు సిగ్గుచేటే. పరీక్షలకు అతనికి లేఖకుణ్ణి ఏర్పాటు చేశాము; అదనపు కాలం ఇప్పించాము; పాఠ్యాంశాలు చదివి ఫోనులో రికార్డు చేసి ఇచ్చాము; ఉపకార వేతనం కాగితాలతో కార్యాలయాల చుట్టూ తిరిగాము. ఇంత చేశామని స్టాఫ్ రూములో చెప్పుకుని సంతోషించాము కూడ.

ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణుడై, ఎం.ఏ.లో సీటు, దానితోపాటు హాస్టలు వసతి సంపాదించుకుని ఊరు విడిచి వెళ్లాడు. పదిహేడు రోజులకు పెట్టెతో తిరిగి వచ్చాడు. ఆరోగ్యం సరిపడలేదన్నాడు. మేము నమ్మలేదు. పాఠాలు అర్థం కాలేదా అంటే కాదన్నాడు. తోటివారు ఏమైనా అన్నారా అంటే లేదన్నాడు. చాలాసేపటికి, తల వంచుకుని, అసలు మాట చెప్పాడు. "సార్, మెస్సులో పళ్లెం ముందు కూర్చుంటే పప్పు ఎక్కడ పోశారో, కూర ఎక్కడ వేశారో తెలిసేది కాదు. ఇంట్లో అమ్మీ కలిపి పెట్టేది. కాలేజీకి డబ్బాలో రొట్టెలో కూర చుట్టి పంపేది. అక్కడ చెయ్యి పెడితే పప్పు అంచు దాటి పోయేది. అందరూ చూస్తున్నారేమో అనిపించేది. తరువాత తరువాత మెస్సుకు వెళ్లటం మానేశాను. రాత్రిళ్లు బిస్కెట్లు తినేవాణ్ణి."

మూడేళ్లు అతడు మా వేపచెట్టు కిందనే కూర్చుని ఆ రొట్టెల చుట్టలు తిన్నాడు. రోజూ అవే ఎందుకు తెస్తున్నావని మాలో ఒక్కరూ అడగలేదు.

ఆ మాట విన్ననాడు మాకు ఈజిప్టు రచయిత తాహా హుసేన్ గుర్తుకు వచ్చాడు. 1889లో పుట్టి పసితనంలోనే చూపు కోల్పోయిన తాహా హుసేన్ 1914లో డాక్టరేటు పొందాడు. 1950లో ఆ దేశానికి విద్యామంత్రి అయ్యాడు. ఆయన ఆత్మకథ 'అల్ అయ్యామ్'లో ఒక భోజన ఘట్టం ఉంది. బాలుడికి ఒకనాడు ఒక ఆలోచన పుట్టింది: ముద్దను ఒక చేత్తో కాక రెండు చేతులతో తీసుకుంటే ఏమవుతుంది? అలాగే తీసుకున్నాడు. అన్నదమ్ములు పకపక నవ్వారు. తల్లి కంటనీరు పెట్టుకుంది. తండ్రి దుఃఖం నిండిన గొంతుతో, ముద్ద అలా తీసుకోరు నాయనా అన్నాడు. ఆనాటి నుండి ఆ బాలుడు పులుసులు, అన్నం, చెంచాతో తినే వస్తువులు అన్నిటినీ తనకు తానే నిషేధించుకున్నాడు. ఇరవై అయిదేళ్ల వయసు దాకా ఆ నిషేధం సాగింది. పదవ శతాబ్దిలో పుట్టిన మహాకవి అబుల్ అలా అల్ మఅర్రీ కూడ అంధుడే. పానకం మీద ఒలకబోసుకున్న సంగతిని శిష్యుడొకడు బయటపెట్టగా, ఇక ఎవరి ఎదుటా తినకుండా ఒంటరిగా భుజించాడని తాహా హుసేన్ ఆయన బాధను తన బాధతో పోల్చుకున్నాడు.

ఆ ఘట్టంలో మమ్ము కలచివేసేది నవ్వు కాదు. ఒకరు నవ్వారు, ఒకరు ఏడ్చారు, ఒకరు నిట్టూర్చారు. చెయ్యి పట్టుకుని, ముద్ద ఇలా తీసుకోవాలి అని చూపినవారు మాత్రం ఆ కథనంలో లేరు. వెయ్యేళ్ల నాటి కవికీ, నూరేళ్ల నాటి పండితుడికీ, మా విద్యార్థికీ జరిగిన లోపం ఒక్కటే. వారికి లేనిది ప్రతిభ కాదు, ఆప్యాయత కాదు. నేర్పినవారు లేరు.

చూపున్న పిల్లవాడికి ఈ పనులు ఎవరూ నేర్పరు. చూసి నేర్చుకుంటాడు. ఎప్పుడు నేర్చుకున్నాడో వాడికీ తెలియదు, తల్లికీ తెలియదు. అందువల్లనే ఇవి నేర్పవలసిన విద్యలన్న ఆలోచన మనకు రాదు. చూపు లేని పిల్లవాడు అనుకరించటానికి ఎదుట ఏమీ ఉండదు. మేధో వైకల్యం గల పిల్లవాడికి కళ్లున్నా, ఒక పనిలోని ఇరవై మెలికలను ఒక్క చూపులో పట్టుకోవటం సాధ్యం కాదు. వాడికి పనిని ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్కను పదేపదే చేయించవలసి ఉంటుంది.

ఇది కుదిరే పనేనా అని సందేహించేవారికి దూరదేశాల నుండి ఉదాహరణలు తేనక్కరలేదు. మన ఇళ్లలో ఉజూ ఎలా నేర్పుతామో జ్ఞాపకం చేసుకుంటే చాలు. ముందు మణికట్ల వరకు చేతులు, తరువాత నోరు పుక్కిలించటం, ముక్కు, ముఖం, కుడి మోచెయ్యి, ఎడమ మోచెయ్యి, తలపై తడిచేత్తో మసహ్, చివరకు చీలమండల దాకా కాళ్లు. వరుస మారకూడదు. ఇంతటి క్రమం గల పనిని చూపులేని పిల్లలకు మన పెద్దలు చెయ్యి పట్టి నేర్పుతూనే ఉన్నారు. మసీదు హౌజు గట్టున కూర్చుని చుక్క నీరు వృథా కాకుండా ఉజూ చేసుకునే హాఫిజ్‌జీలను చూడనివారు ఎవరు? ప్రవక్త కాలంలో మదీనాలో అంధుడైన అబ్దుల్లా ఇబ్న్ ఉమ్ మక్తూమ్ అజాన్ పలికేవాడు. ఆ పిల్లలకు ఉజూ ఎందుకు వచ్చింది? అది తప్పనిసరి అని ఇంటివారు నమ్మారు గనుక వచ్చింది. చాయ్ కాచుకోవటం ఎందుకు రాలేదు? తప్పనిసరి అని ఎవరూ అనుకోలేదు గనుక రాలేదు. లోపం పిల్లవాడి కళ్లలో ఉందని మనం ఇంతకాలం అనుకుంటున్నాము.

నేర్పే పద్ధతులు ఎవరో కొత్తగా కనిపెట్టవలసినవి కావు. సికింద్రాబాదు బోయినపల్లిలోని మనోవికాస్ నగర్‌లో, మేధో వైకల్యం గలవారి కోసం 1984లో స్థాపించిన జాతీయ సంస్థ మన నగరంలోనే ఉంది. మద్రాసులో రూపొందిన ఒక పట్టికను దేశమంతటా ప్రత్యేక ఉపాధ్యాయులు వాడుతూ ఉంటారు. తినటం, బట్టలు వేసుకోవటం, శుభ్రత, డబ్బు, కాలం వంటి 18 విభాగాలు, ఒక్కొక్కదానిలో 20 మెట్లు. మాకు నచ్చిన విశేషం, అందులోని ప్రతి వాక్యమూ పిల్లవాడు ఏమి చేయగలడో చెబుతుంది. ఏమి చేయలేడో చెప్పదు. మన ప్రోగ్రెస్ రిపోర్టులను కూడ ఎవరైనా ఆ విధంగా రాస్తే బాగుండును.

మా విద్యార్థిని ఒకామె తన తమ్ముడికి చొక్కా తొడుక్కోవటం నేర్పిన వైనం ఇక్కడ చెప్పవలసి ఉంది. వాడికి పదిహేనేళ్లు. మేధో వైకల్యం. ఏడాది పాటు ఇంటిల్లిపాదీ "చొక్కా వేసుకో" అని చెప్పి చెప్పి విసిగిపోయారు. వాడు చొక్కాను తలమీద వేసుకుని కూర్చునేవాడు. ఒక ప్రత్యేక ఉపాధ్యాయురాలు ఆమెకు చెప్పిన ఉపాయం మొదట మాకు తలకిందులుగా తోచింది: మొదటి నుండి మొదలు పెట్టవద్దు, చివరి నుండి మొదలుపెట్టు. చొక్కా అంతా అక్కే తొడిగి, గుండీలన్నీ పెట్టి, చిట్టచివరి గుండీని సగం రంధ్రంలో ఉంచి, మిగిలిన సగం వాడిచేత లాగించింది. పని పూర్తయింది! వాడే పూర్తి చేశాడు. పది రోజులు అంతే. తరువాత చివరి గుండీ మొత్తం. తరువాత చివరి రెండు. ఇలా వెనుక నుండి ముందుకు వచ్చారు. ప్రతిసారీ పని వాడి చేతిలోనే ముగుస్తుంది. ప్రతిసారీ వాడు గెలుస్తాడు. అయిదు నెలలు పట్టింది. ఇప్పుడు వాడు ఇస్త్రీ చొక్కా తప్ప వేసుకోనని పేచీ పెడుతున్నాడట.

గుండీలు నేర్పటం మరియా మాంటిస్సోరీ చేతిలో ఒక శాస్త్రమైంది. చట్రానికి బిగించిన గుడ్డముక్కలపై గుండీలు, ముడులు నేర్పే ఆమె సామగ్రి నేడు నగరంలోని ఖరీదైన శిశు విద్యాలయాలలో కనిపిస్తుంది. 1907లో రోము నగరంలో ఆమె తన బాలగృహం తెరవటానికి పూర్వం ఆమె పనిచేసింది మేధో వైకల్యం గల పిల్లలతో, లోకం పనికిరారని ఒక మూలకు నెట్టిన పిల్లలతో. వారికి చేతులతో నేర్పిన విద్యనే తరువాత అందరి పిల్లలకూ ఇచ్చింది. 1939లో మన దేశానికి వచ్చి, అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ కూడ ఇచ్చింది. ఎవరి వద్ద పుట్టిన విద్య ఎవరి వద్ద నిలిచిపోయిందో చూడండి. కలవారి పిల్లలకు గుండీల చట్రం దొరుకుతున్నది. అది ఎవరివద్ద మొదలైందో ఆ పిల్లలకు మాత్రం నేటికీ అమ్మ తొడుగుతున్నది.

మా అబ్బాయి విషయానికి వస్తాము. పళ్లెం సంగతి నేర్పటానికి ఒక పూట చాలింది. పళ్లేన్ని గడియారంగా భావించాలి. తన పొట్టకు దగ్గరగా ఉన్నచోట ఆరు గంటలు, ఎదుట పన్నెండు. అన్నం ఆరింటి వద్ద, కూర మూడింటి వద్ద, పచ్చడి పన్నెండింటి వద్ద, పప్పు తొమ్మిదింటి వద్ద గిన్నెలో. వడ్డించేవాడు ఒక్కసారి ఆ మాట చెబితే తక్కినది చెయ్యే చూసుకుంటుంది. ముద్దను పళ్లెం అంచుకు కాక మధ్యకు ఒత్తి కలపాలి. అంచు కొద్దిగా ఎత్తుగా ఉన్న పళ్లెమైతే ఇంకా మంచిది. ఇంతే. ఈ ఇంత కోసం ఒక ఎం.ఏ. సీటు పోయింది.

గ్లాసులో నీళ్లు పోసుకునేటప్పుడు అంచులోపల చూపుడువేలు ఆనించి, తడి తగలగానే ఆపాలి. వేడి చాయ్‌కి వేలు పనికిరాదు. అక్కడ చెవి పనిచేస్తుంది. గ్లాసు నిండుతున్నకొద్దీ పోసే చప్పుడు సన్నబడుతుంది. రెండు రోజులు చన్నీళ్లతో సాధన చేస్తే ఆ స్వరం పట్టుబడుతుంది. అంచుకు తగిలించితే నిండగానే బీప్ మనే చిన్న పరికరం కూడ ఉన్నది. పొయ్యి దగ్గర మొదటి నియమం: గిన్నె పెట్టిన తరువాతనే మంట వెలిగించాలి, మంట ఆర్పిన తరువాతనే గిన్నె దించాలి. కుక్కరు కూతలు లెక్కించటానికి కళ్లతో పని లేదు. ఆవాలు చిటపటలాడటం, ఉల్లిపాయ వేగిన వాసన, నిజానికి మనమందరమూ పోపును ముక్కుతో చెవితోనే పెడుతున్నాము, ఒప్పుకోము. మంటకు భయపడే ఇళ్లలో విద్యుత్ పొయ్యి ఉండనే ఉన్నది.

డబ్బు సంగతి కొంత వివరంగా రాయాలి, ఎందుకంటే చదువుకున్నవారికి కూడ ఇది తెలియదు. 2016 నవంబరు తరువాత వచ్చిన కొత్త శ్రేణి నోట్లలో నూరు రూపాయల నోటు పొడవు 142 మిల్లీమీటర్లు, రెండువందలది 146, అయిదువందలది 150. మూడింటి వెడల్పు 66. అంటే నూటికీ రెండువందలకూ మధ్య, రెండువందలకూ అయిదువందలకూ మధ్య నాలుగేసి మిల్లీమీటర్ల తేడా! బియ్యపు గింజ పొడవైనా లేదు. వేళ్లతో పోల్చటానికి రెండు నోట్లూ ఒకేసారి చేతిలో ఉండాలి. దుకాణం ముందు నిలబడ్డవాడికి ఆ తీరిక ఎక్కడిది? నూరు నోటుపై ఉబ్బెత్తు త్రిభుజం, అయిదువందలపై ఉబ్బెత్తు వృత్తం ఉంటాయి. అంచులలో నూటికి నాలుగు గీతలు, అయిదువందలకు అయిదు. రెండువందలకు కూడ నాలుగు గీతలే, మధ్యలో రెండు చిన్న వృత్తాలు అదనం. కొత్త నోటుపై ఇవి వేలికి తెలుస్తాయి. నాలుగు నెలలు చేతులు మారి మెత్తబడిన నోటుపై వెతుక్కోవలసిందే. రిజర్వు బ్యాంకు 2020 జనవరిలో 'మణి' అనే ఫోన్ యాప్ విడుదల చేసింది. కెమెరా ముందు నోటు పెడితే విలువ చెబుతుంది. మంచిదే. కాని చేపల అంగడిలో ఒక చేత సంచి, ఒక చేత కర్ర పట్టుకున్నవాడు మూడవ చేత్తో ఫోను తీయాలి.

అందువల్ల అనుభవజ్ఞులు మడతల పద్ధతి నేర్పుతారు. నోటు చేతికి వచ్చిన క్షణంలోనే ఇది ఎంత అని అడిగి తెలుసుకుని, నూరు నోటును అడ్డంగా ఒక మడత, అయిదువందలను నిలువుగా ఒక మడత, రెండువందలను రెండు మడతలు, చిన్న నోట్లు మడవకుండా, ఎవరి అలవాటు ప్రకారం వారు ఒక నియమం పెట్టుకుని పర్సులో ఉంచుకోవాలి. ఇచ్చేటప్పుడు "ఇదిగో అయిదువందలు" అని పైకి చెప్పి ఇవ్వాలి, నలుగురూ వింటారు. నాణేలు కొంత నయం. 2019లో వచ్చిన ఇరవై రూపాయల నాణేనికి పన్నెండు భుజాలు ఉన్నాయి. వేలికి ఇట్టే తెలుస్తుంది. అతనికి ఇరవై ఒక్క ఏళ్లు వచ్చేదాకా జేబులో సొంత డబ్బు ఉండలేదని మాకు అప్పుడు తెలిసింది. ఉపకార వేతనం బ్యాంకులో పడేది. అన్న వెళ్లి తెచ్చేవాడు. అన్నలో దోషమేమీ లేదు. కాని ముగలాయీ రెవెన్యూ విధానంపై పది పుటలు రాయగల ఆ అబ్బాయి జీవితంలో ఒక్కసారి కూడ చిల్లర లెక్క చూసుకోలేదు.

తెల్లకర్ర గురించి నాలుగు మాటలు చాలు. చాలామంది దానిని ఊతకర్ర అనుకుంటారు. ఛాతీ ఎముక దాకా వచ్చే పొడవు ఉండాలి. భుజాల కంటె కొంచెం ఎక్కువ వెడల్పున ఇటు అటు తాటిస్తూ, కుడి కాలు ముందుకు వేసినప్పుడు కర్ర కొన ఎడమవైపున నేలను తాకాలి, అంటే తరువాతి అడుగు పడబోయే చోటును ముందే తడిమి చూడాలి. రెండవ ప్రపంచ యుద్ధంలో చూపు పోయిన అమెరికా సైనికుల కోసం రిచర్డ్ హూవర్ అభివృద్ధి చేసిన పద్ధతి ఇది. మన కాలిబాటలపై నిలిపిన మోటారు సైకిళ్లకు, నడుము ఎత్తున వేలాడే కేబుల్ తీగలకు కర్ర ఏమీ చేయలేదు. అది పురపాలకుల పాపం. అయినా కర్ర పట్టటం వచ్చినవాడు ఇంట్లో కూర్చోడు.

ఇంట్లో ఎందుకు నేర్పరు? మేము ఆ అబ్బాయి తల్లిని కలుసుకున్నాము. ఆమెను నిందించే ఉద్దేశం మాకు లేదు. తెల్లవారుజామున లేచి, ఇద్దరు కొడుకులకు రొట్టెలు చేసి, పగలంతా కుట్టుమిషను తొక్కే మనిషి. ఆమె అన్న మాట ఇది: "సార్, నేనుండగా వాడెందుకు చెయ్యి కాల్చుకోవాలి?" ఆ మాటలో ప్రేమ ఎంత ఉందో భయం కూడ అంత ఉంది. ఇరుగుపొరుగు ఏమంటారు? గుడ్డి పిల్లవాడిచేత పని చేయిస్తున్నదని అనరా? మన తెహజీబులో అతిథికి మంచినీళ్లు మనమే అందించటం మర్యాద. ఐతే కన్నకొడుకును జీవితాంతం అతిథిని చేసి కూర్చోబెట్టటం మర్యాద అవుతుందా? మేము ఆమెతో వాదించలేదు. ఒక్కటే అడిగాము: మీకు జ్వరం వచ్చిననాడు వాడు ఏమి తింటాడు? ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత చెప్పింది, నిరుడు ఆమెకు డెంగీ జ్వరం వచ్చి నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉన్నప్పుడు పక్కింటివారు పెట్టిన గిన్నె తలుపు బయటనే ఉండిపోయిందట. ఎక్కడ పెట్టారో వాడికి తెలియలేదు.

ఆడపిల్లల సంగతి దీనికంటె కష్టం. కాళ్లు, కళ్లు, బుద్ధి ఏది లోపించినా మగపిల్లవాణ్ణి మసీదుకో చాయ్ హోటలుకో ఎవరో ఒకరు తీసుకుపోతారు. ఆడపిల్ల గడప దాటదు. స్నానం, బట్టలు, నెలసరి శుభ్రత, అన్నీ తల్లో అక్కో చూసుకుంటారు. ఈ విషయాలు పత్రికలో రాయటం కొందరికి ఇష్టం ఉండదని తెలుసు. కాని ఎవరు ముట్టుకున్నా ఊరుకోవటం పసితనం నుండి అలవాటైన ఆడపిల్లకు, ఎవరి చెయ్యి సహాయం, ఎవరి చెయ్యి ద్రోహం అని ఎలా తెలుస్తుంది? తన స్నానం తాను చేసుకోగల పిల్ల, తన తలుపు తాను వేసుకోగల పిల్ల, వద్దు అని గట్టిగా అనగల పిల్ల కొంతైనా సురక్షితం. పనులు నేర్పటంలో ఈ 'వద్దు' అనటం కూడ ఒక పాఠం కావాలి.

మరొక హెచ్చరిక. స్వయంగా బతకటం అంటే ప్రతి పనినీ ఒంటరిగా చేయటమని మా అర్థం కాదు. సెరిబ్రల్ పాల్సీవల్ల వేళ్లు బిగుసుకుపోయే విద్యార్థికి గుండీ జీవితంలో పట్టుబడకపోవచ్చు. వాడిని గుండీతో హింసించటం విద్య కాదు. అంటుకునే పట్టీ గల చొక్కా కుట్టించండి. ఏ చొక్కా వేసుకోవాలో వాడినే చెప్పనివ్వండి. ఎవరి సహాయం, ఎంతవరకు, ఎప్పుడు అని తాను నిర్ణయించి మర్యాదగా అడగగలగటం కూడ స్వతంత్రమే. మనం కూడ మన చొక్కాలు మనం కుట్టుకోవటం లేదు కదా!

చట్టాలు లేక కాదు. 2016 నాటి హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థలలో అయిదు శాతానికి తగ్గకుండా సీట్లు, ప్రభుత్వోద్యోగాలలో నాలుగు శాతం కేటాయించింది. 2007లో భారతదేశం ధ్రువీకరించిన ఐక్యరాజ్యసమితి ఒడంబడికలో, విద్యకు సంబంధించిన 24వ అధికరణంలోనే, బ్రెయిలీతోపాటు జీవన నైపుణ్యాలు, సామాజిక నైపుణ్యాలు, దిక్కు తెలిసి నడవటం నేర్పాలని ఉన్నది. అమెరికాలో ఫిల్ హాట్లెన్ 1996లో, చూపులేని విద్యార్థులకు మామూలు పాఠ్యాంశాలకు అదనంగా మరి కొన్ని అంశాలు ఉండాలని ప్రతిపాదించాడు. స్వతంత్ర జీవనం వాటిలో ఒకటి. మన వద్ద పేర్లు మాత్రం త్వరత్వరగా మారుతున్నాయి. వికలాంగులు అన్నాము, ఇప్పుడు దివ్యాంగులు అంటున్నాము. పేరు మారినందువల్ల చాయ్ కాగలేదు. సీటు ఇచ్చాము గాని, ఆ సీటులో నిలబడటానికి కావలసినది ఇవ్వలేదు.

ఇవి తల్లిదండ్రుల పని, కళాశాల పని కాదని మా మిత్రులు కొందరు అంటారు. డిగ్రీ తరగతిలో అన్నం తినటం నేర్పుతామా అని నవ్వినవారు కూడ ఉన్నారు. 1937లో వార్ధా సమావేశం తరువాత బేసిక్ విద్యా ప్రణాళికను తయారుచేసిన సంఘానికి అధ్యక్షుడు డాక్టర్ జాకీర్ హుసేన్. పుట్టింది మన హైదరాబాదులోనే. చేతిపనిని చదువుకు మధ్యలో నిలపాలన్నది ఆ ప్రణాళికలోని ప్రధానాంశం. వారి జయంతి సభలు జరిపే సంస్థలలో, చేతులతో నేర్పే విద్య నామోషీ కావటం చిత్రం. అన్నం తినటం బడిలోనే నేర్పి ఉండవలసిందన్న మాటను మేము కూడ ఒప్పుకుంటాము. నేర్పలేదు. ఇప్పుడు అతడు మా ఎదుట ఉన్నాడు. ఎవరి బాకీ అని లెక్కలు తేలేదాకా ఆకలితో ఉండమందామా?

ఖర్చు గురించి భయపడనక్కరలేదు. మేము కోరుతున్నది వృక్షశాస్త్ర ప్రయోగశాల వెనుక, విరిగిన బెంచీలు పడేసిన గది. ఒక విద్యుత్ పొయ్యి, ఒక గ్యాసు పొయ్యి, నాలుగు గిన్నెలు, అంచు ఎత్తు గల పళ్లేలు, ఒక బకెట్టు, ఒక ఇస్త్రీ పెట్టె, చిరిగిపోని కొన్ని నోట్లు. వారానికి రెండు మధ్యాహ్నాలు వచ్చే ఒక శిక్షకురాలు. జాతీయ సేవా పథకంలో చేరిన విద్యార్థి రెండేళ్లలో 240 గంటలు సేవ చేయాలి. మనం ఏటేటా ఆ గంటలలో ఎక్కువ భాగం గోడలకు సున్నం వేయటానికి, నినాదాలతో ఊరేగింపులకు ఖర్చు చేస్తున్నాము. అందులో అరవై గంటలు ఈ గదికి ఇవ్వండి. ఐతే స్వచ్ఛంద సేవకుల కోసం ఒక నియమం మాత్రం గోడమీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టాలి, ఉర్దూలో, తెలుగులో: చెయ్యకండి, చేయించండి. మన పిల్లలకు దయ ఎక్కువ, ఓపిక తక్కువ. ఒకడు బాటిల్ మూతతో కుస్తీ పడుతుంటే అయిదు క్షణాలు చూడలేక లాక్కుని తీసి ఇస్తారు. ఆ అయిదు క్షణాలూ చేతులు కట్టుకుని నిలబడటమే సేవకులకు మొదటి పాఠం. మాకు కూడ అది ఇంకా పూర్తిగా రాలేదు.

ఆ అబ్బాయి ప్రస్తుతం వారానికి మూడు రోజులు, సాయంత్రం నాలుగు తరువాత, మా స్టాఫ్ రూములోని చిన్న పొయ్యి వద్ద సాధన చేస్తున్నాడు. చాయ్ వచ్చింది. చక్కెర ఇంకా ఎక్కువ వేస్తున్నాడు. అది చూపు సమస్య కాదని అతని అన్న అంటున్నాడు. పప్పు, అన్నం వచ్చాయి. బట్టలుతకటంలో కాలరు దగ్గర మురికి మిగిలిపోతున్నది. కాలరును రెండుసార్లు రుద్దాలని గుర్తు పెట్టుకుంటున్నాడు. మూడు వారాల క్రితం తల్లి మొదటిసారి అతనిచేత ఇంట్లో పొయ్యి వెలిగించనిచ్చింది; తాను గుమ్మంలో నిలబడి దువా చదువుతూ ఉన్నదట. పోయిన సీటు పోయింది. వచ్చే సంవత్సరం ప్రవేశ పరీక్ష మళ్లీ రాస్తాడు.

గది కోసం యాజమాన్యానికి ఉత్తరం పెట్టాము. విరిగిన బెంచీలను వేలం వేసేదాకా గది ఖాళీ చేయటం వీలుపడదని జవాబు వచ్చింది. వేలం తేదీ ఇంకా నిర్ణయించలేదు. ఈలోగా ఆ బెంచీలను మోసి వరండాలో పేర్చటానికి మా ద్వితీయ సంవత్సరం విద్యార్థులు పన్నెండుమంది పేర్లు ఇచ్చారు. పదమూడవ పేరు ఆ అబ్బాయిది.